యంత్రము పీల్చు గాలి

వనపర్తి పట్టణమున మోటారు సామగ్రి విక్రయించు అంగళ్లలో నేడొక వస్తువు కంటబడుచుండును. ఎఱ్ఱని గుడ్డను మడతలు మడతలుగా పేర్చి, కొనకు వెండివలె మెఱయు మూత బిగించిన శంకువు అది. మోటారు సైకిలునకో కారునకో కంపెనీవారు అమర్చిన నల్లని గాలిపెట్టెను ఊడదీసి, దాని స్థానమున ఈ శంకువును తగిలించినచో ఇంజను బలము పెరుగునని అమ్మువారు చెప్పుదురు. కొన్న యువకులు నాలుగు దినములు వాహనము నడిపి, నిజమే, పెరిగినదందురు. ఇంటిలోని పెద్దలు మాత్రము ఆ శబ్దమునకు చెవులు మూసికొని, ఈ ఖర్చు దేనికని విసుగుకొందురు. ఇరువురిలో ఎవరి మాట నిజమో తేల్చవలసినదని మమ్ము కొందరు అడిగియున్నారు.

ఈ తగవు ఇప్పటిది కాదు. యంత్రమునకు గాలి ఎంత ధారాళముగా పోవలయును, ఆ గాలిలోని ధూళిని ఎంత గట్టిగా ఆపవలయును అను రెండు కోరికలకును పొత్తు కుదుర్చుటయే మోటారు చరిత్రలో ఒక పెద్ద అధ్యాయము. మన ఎఱ్ఱ చెల్కల సీమకు ఆ అధ్యాయముతో సంబంధము లేకపోలేదు.

ముందుగా ఒక లెక్క. పెట్రోలు తనంత తాను మండదు; గాలి తోడుండవలయును. ఒక పాలు పెట్రోలు సంపూర్ణముగా మండుటకు తూకమున దాదాపు 15 పాళ్ల గాలి కావలయును. ఈ లెక్కను కొలతలోనికి మార్చినచో, ఒక్క లీటరు పెట్రోలునకు సుమారు 9000 లీటర్ల గాలి. మన ఇండ్లలోని ఒక చిన్న వంటగదిలో నిండియుండు గాలియంతయు ఒక లీటరుతో చెల్లిపోవునన్నమాట. మనము బంకులో నిలబడి పెట్రోలును చుక్క చుక్కకు లెక్కించుకొందుము గాని, ఉచితముగా వచ్చు గాలిని గూర్చి తలపనైన తలపము. ఇంజను దృష్టిలో మాత్రము గాలియే ప్రధానాహారము. పెట్రోలును ఎక్కువగా పోయుట సులభము. దానికి తగిన గాలిని సిలిండరులోనికి చేర్చుటయే కష్టము. కావున గాలి త్రోవను వెడల్పు చేసినచో బలము హెచ్చునన్న మాట సిద్ధాంతమున తప్పు కాదు. గాలిని బలవంతముగా లోనికి త్రోయు పంపును గూర్చి జర్మనీ దేశమున గోట్లీబ్ డైమ్లర్ 1885లోనే యోచించెను. పొగగొట్టమున వృథాగా పోవు వేడి వాయువుల చేతనే ఆ పంపును త్రిప్పింపవచ్చునని స్విట్జర్లాండు దేశస్థుడగు ఆల్ఫ్రెడ్ బ్యూకీ 1905లో పేటెంటు పొందెను. నేడు లారీలపైనను కార్లపైనను ‘టర్బో’ అని వ్రాసికొనునది ఆ ఊహయొక్క సంతానమే.

తొలినాటి మోటారులకు వడపోత యనునది లేదు. విల్హెల్మ్ మేబాక్ 1893లో తుంపర కార్బొరేటరును రూపొందించిన పిమ్మట చాలకాలము దానికి నోరు తెఱచియే యుంచిరి. 1908 మొదలు 1927 వరకు కోటిన్నర వఱకు తయారై లోకమంతట వ్యాపించిన ఫోర్డు వారి ‘మోడల్ టీ’ కారునకు సైతము కార్ఖానానుండి గాలి వడపోత వచ్చెడిది కాదు. గాలి త్రోవకు అడ్డు లేకుండుటయే బలమునకు మూలమైనచో, ఆ కార్లకు మించిన భాగ్యవంతములు లేవనవలయును. కాని జరిగినది వేఱు. మట్టి బాటలపై లేచిన దుమ్ము తిన్నగా సిలిండరులోనికి పోయి, నూనెతో కలిసి సానరాతి ముద్దవలె మారి, పిస్టను రింగులను, సిలిండరు గోడలను అరగదీసెను. దుమ్ములో నుండు ఇసుక రేణువు ఇనుముకంటె గట్టిది. కంటికి కానరానంత సన్నని రేణువు, మన తలవెండ్రుక మందములో అయిదవ వంతో ఆఱవ వంతో యుండునది, అన్నిటికంటె ఎక్కువ కీడు చేయును. పిస్టనునకును గోడకును నడుమనున్న నూనె పొరలో దూరుటకు సరిగా సరిపోవునది అదియే గనుక. ఇంజను ‘బోరుకు వచ్చినది’ అని మన మెకానిక్కులు పలుకు మాట వెనుక ఎక్కువ భాగము ఈ ధూళి కథయే యున్నది.

మన సీమకు మోటారు వచ్చిన కాలమును కొంచెము జ్ఞాపకము చేసికొందము. అప్పుడు వనపర్తి నిజాము ప్రభువునకు లోబడిన సంస్థానము. రైలు మార్గము పడినను అది పట్టణమునకు దూరముగానే సాగిపోయినది. ‘వనపర్తి రోడ్డు’ అను స్టేషను పేరే ఆ సంగతిని చాటుచున్నది: రైలు దిగినవాడు ఊరు చేరుటకు మఱల ఒక రోడ్డు పట్టవలయును. 1932 జూనులో నిజాం స్టేట్ రైల్వే వారు 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో రోడ్డు రవాణా శాఖను ఆరంభించిరి. ఆ బస్సులు స్కాట్లండు దేశమున తయారైన ఆల్బియన్ బండ్లు. చల్లని, తడి నేల గల దేశమున పుట్టిన ఆ యంత్రములు దక్కను పీఠభూమి వేసవిలో పరుగెత్తవలసి వచ్చినది. ముందు పోవు బండి లేపిన ధూళిని వెనుక వచ్చు బండి మ్రింగక తప్పదు. అట్టి త్రోవలపై బలముకంటె ఆయువు ముఖ్యమని బస్సు నడుపువారికి ఒకరు చెప్పవలసిన పని లేకుండెను.

తర్వాత యుద్ధము వచ్చినది. పెట్రోలునకు కఱవు కలిగి, దేశమున అనేక బస్సులకు బొగ్గు గ్యాసు ప్లాంటులను తగిలించిరి. బస్సు వెనుక ఒక ఇనుప కొలిమి, అందు కట్టెబొగ్గు, దానినుండి వచ్చు వాయువును గొట్టము ద్వారా ఇంజనులోనికి పంపుట. ఆ ‘బొగ్గు బస్సుల’ను గూర్చి మన పెద్దలు చెప్పగా వినని ఇండ్లు తక్కువ. ఎత్తు వచ్చినచోట ప్రయాణికులు దిగి త్రోయుట, డ్రైవరు సహాయకుడు మసి మొగముతో కొలిమిని కలియబెట్టుట, ఇవన్నియు అప్పటి ప్రయాణములో భాగములు. ఆలోచించి చూచినచో, కార్ఖానా నుండి వచ్చిన గాలి త్రోవను మార్చి మఱియొకటి తగిలించుటకు మన దేశమున జరిగిన మొదటి పెద్ద ప్రయత్నము ఇదియే. ఫలితమేమి? ఇంజను బలములో మూడవ వంతు మొదలు సగము వఱకు పోయినది. బొగ్గు గ్యాసులో సగభాగమునకు పైగా మండని నత్రజనియే. సిలిండరులో గాలి యుండవలసిన చోటును అది ఆక్రమించెను. పైగా బొగ్గు బూడిద సరిగా వడపోతకు చిక్కనిచో ఇంజను అరుగుదల మితిమీరెడిది. ఆనాటి వారు దీనిని ముచ్చటకై తగిలింపలేదు. బండి నడువవలయునన్న అక్కఱ అట్టిది.

ఆ యుద్ధముననే ఆకాశమున ఇదే తగవు మఱియొక రూపమున నడచినది. ఉత్తరాఫ్రికా ఎడారిలో పోరాడుటకు బ్రిటిషువారు స్పిట్‌ఫైర్ విమానములను పంపవలసివచ్చెను. ఇసుక గాలి ఇంజనులోనికి పోకుండుటకై వాని ముక్కు క్రింద ‘వోక్స్’ అను పెద్ద వడపోతను అమర్చిరి. చూచుటకు విమానమునకు గడ్డము మొలచినట్లుండెను. ఆ గడ్డము వలన ఇంజను బ్రతికెను గాని విమాన వేగము తగ్గెను. శత్రు విమానము తరుముచుండగా గంటకు కొన్ని మైళ్ల వేగము తగ్గుట యనగా వైమానికుని ప్రాణమునకే వచ్చు చేటు. ఈ బాధను చూచి ఈజిప్టు దేశమున అబూకీర్ వద్దనున్న మరమ్మతు శాలవారు, పై అధికారుల నమూనా కొఱకు వేచియుండక, తామే ఒక చిన్న వడపోతను తయారు చేసిరి. అది ‘అబూకీర్ ఫిల్టరు’ అను పేరున నిలిచినది. ఆ మీదట వచ్చిన రకములలో వైమానికుడు తన యిచ్ఛచొప్పున వడపోతను మూయుటకును తెఱచుటకును వీలు కల్పించిరి: నేల విడుచునపుడు, దిగునపుడు వడపోత, ధూళి లేని ఎత్తున సూటి గాలి. మాకు ఈ సమస్యకు ఇంతకంటె అందమైన పరిష్కారము కనబడలేదు. కాని మోటారు బండికి ఆ భాగ్యము లేదు. అది దుమ్ము విడిచి పైకెగురలేదు.

నేలపై నడుచు బండ్లకు లోకము కనుగొన్న ఉపాయము ఆయిల్ బాత్ ఎయిర్ క్లీనరు. మన జీపులకును ట్రాక్టర్లకును చిరకాలము అదియే రక్షణ. గాలి నడిగొట్టము గుండ క్రిందికి దూకి, నూనెయున్న గిన్నెపై తటాలున వెనుకకు మళ్లును. గాలి తేలిక గనుక మళ్లగలుగును; ధూళి బరువు గనుక మళ్లలేక నూనెలో పడును. మిగిలిన దానిని తీగల గుబురు పట్టుకొనును. మడతల కాగితపు వడపోత 1950 దశాబ్దమున అమెరికా కార్లకు వచ్చి, క్రమముగా లోకమంతట వ్యాపించినది. ఇది నూనె గిన్నెకంటె సన్నని ధూళిని పట్టును, ఇంజను మెల్లగా తిరుగునపుడును పట్టును. దాని తప్పల్లా మురికి పట్టిన కొలదియు ఊపిరి బిగబట్టుటయే.

ఎఱ్ఱ శంకువు ఈ వంశమున తర్వాతి తరము. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున 1969లో కే అండ్ ఎన్ అను సంస్థవారు నూనె పూసిన నూలు గుడ్డల వడపోతను ప్రచారమునకు తెచ్చిరి. పందెపు మోటారు సైకిళ్లవారు దానిని ఆదరించిరి. పందెపు ఇంజను జీవితము గంటలలో లెక్కింపదగినది. అది సదా పూర్తి వేగమున తిరుగును; పందెము ముగియగానే విప్పి క్రొత్త రింగులు వేయుదురు. అట్టిచోట నూటికి ఒక పాలు బలము హెచ్చినను గెలుపోటములను నిర్ణయించును. ఆ వస్తువు తనదైన చోట ఉత్తమమైనదే. దానిని అక్కడినుండి తెచ్చి వనపర్తి బజారున కూరగాయలకు పోవు బండికి తగిలించినప్పుడే ప్రశ్న పుట్టుచున్నది.

బలము ఎంత హెచ్చును? మడతల కాగితము శుభ్రముగా నున్నంతవఱకు గాలి పీడనమును నూటికి ఒకటి రెండు పాళ్లకు మించి తగ్గింపదు. అదియు ఇంజను పూర్తి వేగమున నున్నపుడు. వడపోతను అడ్డు సగము తగ్గించినను, లాభము నూటికి ఒక పాలు. నూఱు గుఱ్ఱముల బలము గల బండికి ఒక్క గుఱ్ఱము. సాధారణముగా పట్టణమున తిరుగునపుడు ఈ లాభము సైతము సున్నయే. ఏలయన పెట్రోలు బండిలో యాక్సిలరేటరు క్రింద ఒక తలుపు గలదు. మనము మెల్లగా పోవుచున్నపుడు ఆ తలుపు ముప్పాతిక వంతు మూసియే యుండును. వీధి గుమ్మము మూసికొని, ప్రహరీ ద్వారమును వెడల్పు చేసినచో ఇంటిలోనికి గాలి హెచ్చునా?

అమెరికాలోని ఓక్ రిడ్జ్ జాతీయ ప్రయోగశాలవారు 2009లో దీనికి విలోమముగా ఒక పరీక్ష చేసిరి. వడపోతలను కావలెనని మురికితో పూడ్చి కార్లను నడిపి చూచిరి. కంప్యూటరు గల నవీన కార్లలో పెట్రోలు ఖర్చున చెప్పుకొనదగిన మార్పు రాలేదు. వేగమందుకొనుట మాత్రము నూటికి 6 మొదలు 11 పాళ్ల వఱకు మందగించెను. 1972 నాటి ఒక కార్బొరేటరు కారులో పెట్రోలు ఖర్చు సైతము నూటికి 2 మొదలు 6 పాళ్లు మారెను. పూర్తిగా పూడిన వడపోతవలననే నష్టము ఇంత స్వల్పమైనపుడు, శుభ్రముగా నున్న వడపోతను మార్చి క్రొత్తగా సంపాదింపగల బలమెంతయో శ్రోతలే ఊహింపగలరు.

ఇక వేడి సంగతి. కంపెనీవారి గాలిపెట్టెకు సాధారణముగ ఒక గొట్టముండి, బండి ముందు భాగము నుండి బయటి గాలిని పీల్చును. శంకువును ఇంజను ప్రక్కనే బిగించినచో అది ఇంజను కాచిన గాలినే పీల్చును. మే నెలలో మన వైపు బయట 45 డిగ్రీల ఎండ యున్నదనుకొందము. బానెటు క్రింద 65 డిగ్రీలని తలచినచో, వేడెక్కిన ఆ గాలి నూటికి ఆఱు పాళ్లు పలుచనగును. త్రోవ వెడల్పు వలన ఒక పాలు సంపాదించి, వేడివలన ఆఱు పాళ్లు పోగొట్టుకొనుట ఏ వ్యాపారము? చలి దేశములలో వ్రాసిన ప్రకటనలను ఈ యెండలో చదివికొనునపుడు ఈ సంగతి మఱువరాదు. చల్లని గాలిని ముందునుండి తెచ్చు గొట్టముతో, మూసిన పెట్టెతో అమర్చినవి కొంత మేలు. కాని ఆ పని కంపెనీవారు ముందే చేసియున్నారు.

మఱి బండి నడుపువానికి బలము పెరిగినట్లు తోచుటేల? అది చెవి చేయు మాయ. కంపెనీవారి నల్లపెట్టె గాలిని వడపోయుటయే గాక, గాలి పీల్చు శబ్దమును అణచును. పెట్టె తీసినంతనే ఇంజను గర్జించును. గర్జన విన్న మనస్సు వేగమును ఊహించుకొనును. రేడియో గలవారికి ఈ సంగతి సులభముగా బోధపడును. మీట త్రిప్పి ధ్వని పెంచినంత మాత్రమున ప్రసంగకర్త పాండిత్యము పెరుగదు గదా!

కార్బొరేటరుల కాలమున ఇంకొక చిక్కుండెడిది. గాలి హెచ్చినపుడు పెట్రోలును హెచ్చింపవలయును; లేనిచో మిశ్రమము పలుచనై ఇంజను వేడెక్కును. తెలిసిన మెకానిక్కు వెంటనే జెట్టును మార్చెడివాడు. 2020 ఏప్రిల్ నుండి భారత్ స్టేజి ఆఱవ నియమములు అమలులోనికి వచ్చిన మీదట క్రొత్త మోటారు సైకిళ్లకును కార్బొరేటరు దాదాపు పోయి, ఇంజెక్షను వచ్చినది. గాలిని కొలిచి పెట్రోలును కంప్యూటరే నిర్ణయించును. కొన్ని కార్లలో ఆ కొలత చేయునది గాలి త్రోవలోని సన్నని వేడి తీగ. నూనె గుడ్డ వడపోతకు నూనె అతిగా పూసినచో అది ఆ తీగపై పొరగట్టి కొలత తప్పించును. డీజిలు టర్బో బండ్లలో ప్రమాదము మఱియొక విధము: నిమిషమునకు లక్ష చుట్లు తిరుగు పంపు రెక్కలకు ఇసుక తగిలినచో అంచులు కొఱికివేసినట్లగును.

వడపోత గుణమును అంకెలలో చెప్పునపుడు ఒక మోసము దాగియుండును. ఒకటి నూటికి 99 పాళ్ల ధూళిని ఆపుననియు, ఇంకొకటి 97 పాళ్లు ఆపుననియు అనుకొందము. వినుటకు రెండును సమానమే. కాని ఇంజను లోనికి పోవునది ఆగిన ధూళి కాదు, ఆగనిది. మొదటి దానిలో ఒక పాలు, రెండవ దానిలో మూడు పాళ్లు. అనగా మూడింతల ధూళి. తారు రోడ్డుపై మాత్రమే తిరుగు బండికి ఇది పెద్ద పట్టింపు కాకపోవచ్చును. పెబ్బేరు వద్ద జాతీయ రహదారి దిగి చేల బాట పట్టిన బండికి ఇదియే సర్వస్వము.

నిజము తేల్చుకొనదలచిన యువకులు దూరము పోనక్కఱలేదు. వనపర్తి రాజుల ప్రాసాదమున 1959లో పాలిటెక్నిక్ విద్యాలయము వెలసినది. ఒకప్పుడు సంస్థానపు దర్బారులు జరిగిన మేడలలో సామాన్యుల బిడ్డలు యంత్రవిద్య నేర్చిరి. ఇట్టి విద్యాలయములందు ఉష్ణయంత్ర ప్రయోగశాలలో విద్యార్థులచే చేయించు పరీక్ష యొకటి గలదు. ఇంజను గాలి పీల్చు గొట్టమును ఒక పెద్ద పెట్టెకు కలిపి, పెట్టెకు కొలతగల చిన్న రంధ్రమునుంచి, నీటి గొట్టముతో పీడనమును చూచి గాలి ఎంత పోయినదో లెక్క కట్టుదురు. ఇంజను చక్రముపై తాడు బిగించి బలమును తూచుదురు. చెవికి అక్కడ పని లేదు. అంగడివాని మాటను, మా మాటను సైతము, ఆ తాటితో తూచి చూచుకొనవచ్చును.

ట్రాక్టరు గల రైతులకు ఈ విషయము వినోదము కాదు. వేరుసెనగ చెల్కలో పొడి దుక్కి దున్నునపుడు ట్రాక్టరు తన ధూళిలో తానే మునిగియుండును. మేమెఱిగిన ఒక రైతు, ఇంజను లాగుట లేదని, ఎవరో చెప్పగా ఎయిర్ క్లీనరునకును ఇంజనునకును నడుమనున్న రబ్బరు గొట్టమును వదులు చేసి దున్నెను. లాగినట్లే తోచెనట. ఒక్క దుక్కి కాలము గడచునప్పటికి ఆ ట్రాక్టరు నీలిపొగ వదలుచు, నూనె త్రాగుచు, బోరుకు వచ్చినది. వేరుసెనగ అమ్మిన పైకము స్లీవులకును పిస్టన్లకును పోయెను. ఆ యేడు ఇంటిలో తలపెట్టిన పెండ్లి మఱుసటి యేటికి వాయిదా పడెను. అసలు లోపము మఱియేమియు కాదు: నూనె గిన్నెను నెలల తరబడి కడుగకపోవుటయే ఇంజను లాగకపోవుటకు కారణము.

అతని పొరుగు చేనివాడు మేము పోయిన నాడు గట్టుపై కూర్చుండి తన ట్రాక్టరు గిన్నెను విప్పుచుండెను. పాత నూనెను ఒలికించి గిన్నెను మాకు వంచి చూపెను. అడుగున అంగుళము మందమున ఎఱ్ఱమట్టి గట్టిగా పేరుకొని యున్నది. ఎన్నాళ్ల మట్టి ఇది యని అడిగితిమి. నిన్నటికి ఎనిమిది దినములనెను.